దాపట – ఎలపట

మా బావ మెకానిక్ షెడ్డులో దేవుడి పటాల వరుసలోనే ఒక సర్దార్జీ ఫోటో ఉండేది. ఒక పక్క తిరుత్తణి మురుగన్, ఇంకో పక్క తిరుపతి వెంకన్న, నడుమ బురద కొట్టుకున్న కారు దగ్గర తలపాగాతో జోగీందర్ సింగ్. ఏదో పాత ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించి అట్టకు అంటించిన బొమ్మ. శుక్రవారం సాంబ్రాణి పొగ ముగ్గురికీ సమానంగానే అందేది. మా అక్క మాత్రం నడిమి పటానికి పువ్వు పెట్టేది కాదు.

జోగీందర్ సింగ్ 1932లో కెన్యాలోని కెరిచోలో పుట్టిన పంజాబీ. 1965లో సోదరుడు జస్వంత్‌ను పక్కన కూచోబెట్టుకుని, అంతకు ముందే ఒకరు వాడి వదిలిన వోల్వోతో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచాడు. ఆ పందెం ఈస్టరు రోజుల్లో, అక్కడి వానాకాలంలో, వేల కిలోమీటర్ల మట్టి రోడ్ల మీద సాగేది. 1974లో రెండోసారి గెలిచాడు. ఈసారి బండి మిత్సుబిషి లాన్సర్. పోర్షే తోలిన స్వీడన్ వాడు వాల్డెగార్డ్ రెండో స్థానంలో మిగిలాడు. 1976లో మూడోసారి గెలిచినప్పుడు మొదటి మూడు స్థానాలూ లాన్సర్లవే.

మిత్సుబిషి జపాను కంపెనీయే గాని, దాని ర్యాలీ జట్టు పెరిగింది పరాయి నేలల మీద. 1967లో కోల్ట్ అనే చిన్న కారును ఆస్ట్రేలియాలో సదరన్ క్రాస్ ర్యాలీకి పంపారు. అక్కడే 1972 నుంచి 1976 దాకా వరసగా అయిదేళ్లు గెలిపించినవాడు ఆండ్రూ కోవన్ అనే స్కాట్లాండు రైతు. 1983 నుంచి యూరపులో ఆ కంపెనీ పందెపు వ్యవహారం చూసుకున్నదీ అతనే, ఇంగ్లండులో రగ్బీ అనే ఊళ్లో వర్క్‌షాపు పెట్టి. ఈ కోవన్ 1977లో లండన్ – సిడ్నీ పందెం గెలిచాడు. ఆ కార్లు మద్రాసు దాకా రోడ్డున వచ్చి, అక్కడ ఓడెక్కి పినాంగు పోయాయి. అప్పటికి మా బావకు పదిహేనేళ్లు. నగరిలో బస్సెక్కి మద్రాసు పోయి కోవన్ కారును కళ్లారా చూశానని ప్రమాణం చేసేవాడు. అక్క నమ్మదు. నేను సగం నమ్ముతాను.

1996 నుంచి 1999 దాకా నాలుగేళ్లు వరసగా లాన్సర్ తోలి ప్రపంచ చాంపియన్ అయినవాడు ఫిన్లండు వాడు టొమ్మి మాకినెన్. పల్లెటూరివాడు. కుర్రతనంలో, 1982లోనూ 1985లోనూ, వాళ్ల దేశపు జూనియర్ దుక్కి పోటీలు గెలిచాడు, ట్రాక్టరుతో. ఈ సంగతి బావకు ఎవరు చెప్పారో గాని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. 'చాలు తిన్నగా దున్నేవానికి రోడ్డొక లెక్కా?' అనేవాడు. 1998 నవంబరులో బ్రిటనులో జరిగిన ఆఖరి పందెం మొదటి రోజే మాకినెన్ కారు నూనె ఒలికిన చోట జారి కాంక్రీటు దిమ్మకు కొట్టుకుంది. అంతా అయిపోయిందనుకున్నారు. చివరికి సెయిన్జ్ టొయోటా ముగింపు గీతకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఇంజను పోయి ఆగింది. మాకినెన్‌కు కిరీటం, కంపెనీకి జట్ల చాంపియన్‌షిప్పు రెండూ ఆ ఏడే.

ఆ 1998లోనే హిందుస్థాన్ మోటార్స్ మా తిరువళ్లూరు దగ్గర ఫ్యాక్టరీలో లాన్సర్ తయారీ మొదలుపెట్టింది. పందెపు లాన్సర్‌కు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, టర్బో ఉంటుంది. మాది ముందు చక్రాలు లాగే సంసారపక్షపు బండి. అయినా పేరు అదే, ముఖం అదే. బావ 2006లో పాతది ఒకటి కొన్నాడు. కొన్నరోజు సర్దార్జీ పటానికి తానే పువ్వు పెట్టాడు.

ర్యాలీలో తోలేవాడు ఒక్కడే కాదు, పక్కన చదివేవాడూ ఉండాలి. దారి ముందుగా మెల్లగా తిరిగి చూసి, ఏ మలుపు ఎంత వంపో తోలేవాడు చెబుతుంటే ఇతను రాసుకుంటాడు. పందెంలో దాన్ని చదువుతాడు. తోలేవాడి కళ్లు రోడ్డు మీద, చెవులు ఇతని నోటి మీద. మాకినెన్‌కు ఆ చదువంతా ఫిన్నిష్ భాషలోనే. జట్టు జపానుది, వర్క్‌షాపు ఇంగ్లండుది, మలుపులు మాత్రం అమ్మ మాటలో. ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకునేసరికి ఆలస్యమైంది.

2008లో ఒక క్లబ్బు వాళ్లు పెట్టిన చిన్న పోటీలో చేరాం. అందులో గెలిచేది అందరికన్నా ముందు వచ్చినవాడు కాదు, నిర్ణయించిన సగటు వేగానికి సెకన్ల లెక్కన దగ్గరగా నడిపినవాడు. దారి పుస్తకంలో ఊళ్ల పేర్లుండవు. గీతలు, బాణాలు, కిలోమీటర్లే. లెఫ్టు, రైటు అనుకుందామని ముందే మాట. ఒకచోట నేను దారి తప్పించి నాలుగు నిమిషాలు పోగొట్టాను. ఆ నిమిషాలు రాబట్టాలని బావ తొక్కాడు. ముందు చెరువు కట్ట. కుడికి తిరగాలి. నా నోటికి రైటు రాలేదు. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన తర్వాత పుట్టినవాణ్ణి, తమిళ బడిలో చదివినవాణ్ణి. 'వలదు, వలదు' అని అరిచాను.

తమిళంలో అది కుడి. తెలుగులో వద్దు అని. బావకు తమిళం రాదని కాదు. రోజూ షెడ్డులో మాట్లాడేది అదే. కానీ ఆ వేగంలో ఆ మాట ఆయన చెవిలో నగరి మాటగానే పడింది. బ్రేకు మీద నిలబడ్డాడు. గులకరాళ్ల మీద బండి జారి కట్ట దిగి తాటిచెట్టుకు ఆనింది.

'ఏమి వద్దంటివి రా? వద్దంటే ఆపినాను గదా!' అన్నాడు, కుడి మోచెయ్యి పట్టుకుని. నాకు గీత కూడా పడలేదు.

2001లో కోర్సికా ద్వీపంలో మాకినెన్ లాన్సర్ రాతి గోడకు కొట్టుకుని లోయ అంచున ఆగినప్పుడు వెన్ను దెబ్బ తిన్నది చదివేవాడు మన్నిసెన్‌మాకికి. అతని ర్యాలీ జీవితం దాంతో సరి. మాకు అది తిరగబడింది. బావ చెయ్యి మళ్లీ పూర్తిగా సాగలేదు. బరువు పనులకు కుర్రవాణ్ణి పెట్టుకోవలసి వచ్చింది. అక్క ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు, పోటీలకు పోనని ఆయన చేత తన తల మీద ఒట్టు పెట్టించుకుంది.

ఒట్టు పోటీల మీదే గదా. కట్టు విప్పాక ఆదివారాల్లో నన్ను ఎక్కించుకుని తిరుత్తణి – నగరి రోడ్డున నలభైకి మించకుండా తోలుతూ మలుపులు చెప్పి రాయించేవాడు. ఎడమకు దాపట, కుడికి ఎలపట. మా తాతల కాడి కింద ఎద్దులకున్న పేర్లు. పుస్తకాల్లో వలపట అంటారు, మా ఇళ్లల్లో ఎలపట. తమిళుల వలదుకు అది తోబుట్టువే. ఈ సంగతి చెబితే బావ నవ్వి, 'తోబుట్టువులే గదా చెయ్యి విరగ్గొట్టేది' అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

మిత్సుబిషి 2005 చివర ప్రపంచ ర్యాలీల నుంచి తప్పుకుంది. తిరువళ్లూరు ఫ్యాక్టరీలో తర్వాత సిట్రోయెన్ కార్లు తయారయ్యాయి. లోబ్‌ను 2004 నుంచి 2012 దాకా తొమ్మిదిసార్లు చాంపియన్ చేసిన కంపెనీ అది. ఈ వార్త తెలిసిన రోజు బావ షెడ్డులో అందరికీ టీ ఇప్పించాడు.

ఆయన పోయి మూడేళ్లు. పోయినవారం మేనకోడలు షెడ్డు తెరిచి, బ్యాటరీ మార్పించి, లాన్సర్‌ను రోడ్డెక్కించింది. నన్ను పక్కన కూచోబెట్టుకుంది. డ్యాష్‌బోర్డు అరలో ఆ నోటు పుస్తకం అలాగే ఉంది, నూనె మరకలతో.

"ఇందులో దా, ఎ అంటే ఏంది మామా?"

చెప్పాను. సరే చదవమంది. కళ్లజోడు పెట్టుకుని మొదటి పుట తీశాను. షెడ్డు గేటు దాటగానే ఎలపట.