మళ్ళీ మొదటి తరమే

కువైట్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో మా అమ్మ ఇంట్లో గ్లాసులన్నీ రెండుసార్లు కడిగేది. ఒకసారి సబ్బుతో, మళ్ళీ ధారగా నీళ్ళు పోసి. కుళాయి మూడు రోజులకోసారి వచ్చే ఊళ్ళో అది చూసి మా అవ్వకు ఒళ్ళు మండింది. "ఏమ్మే, నువ్వు పొయ్యొచ్చింది ఎడారి దేశమా, గోదారి దేశమా?" అంది. ఎత్తిపొడుపే అయినా అందులో నిజముంది. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చుకునే ఆ దేశంలో అమ్మ పనిచేసిన ఇంట కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్ళొచ్చేవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం సీమలో, కదిరి దగ్గరి మా పల్లెలో, నాన్న వేయించిన నాలుగు బోర్లూ ఎండిపోయాయి. నాలుగో బోరు అప్పే 2008లో అమ్మను విమానం ఎక్కించింది. (కదిరి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా మారింది గానీ బోర్ల సంగతి మారలేదు.)

అప్పటికి అమ్మకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే చదువులేని ఆడవాళ్ళకు ముప్పై నిండాలని మన ప్రభుత్వ నిబంధన. అందుకని పాస్‌పోర్టులో ముప్పై రెండు అయింది. ఏజెంటు మా అవ్వ చీర కట్టించి, పూలు తీయించి, నవ్వొద్దని చెప్పి ఫోటో తీయించాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో అమ్మ, ఇప్పటి అమ్మకన్నా ముసలిదానిలా కనిపిస్తుంది.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. చేస్తున్నప్పుడు అమెరికా వలసల గురించి చదువుతుంటే ఈ ఫోటోనే గుర్తొచ్చింది. 1885 నుంచి హవాయి చెరకు తోటల్లోకి ఒప్పందం మీద కూలీలుగా వెళ్ళిన జపనీయులు, ఆ తర్వాత కాలిఫోర్నియాకు కూడా పోయారు. 1908 తర్వాత కొత్త కూలీల రాక దాదాపు ఆగిపోయింది, పెళ్ళాలను మాత్రం రానిచ్చారు. దాంతో 1920 వరకూ వేలమంది ఆడవాళ్ళు ఫోటో చూసి పెళ్ళాడి ఓడ ఎక్కారు. రేవులో దిగాక చూస్తే, చాలామంది మొగుళ్ళు పంపింది ఎప్పుడో వయసులో ఉన్నప్పటి ఫోటో. అక్కడ మగవాళ్ళ వయసు తగ్గింది, ఇక్కడ మా అమ్మ వయసు పెరిగింది. రెండుచోట్లా ఆ ఫోటో మోసిన బరువు ఆడదానిదే.

వాళ్ళను ఇస్సెయ్ అంటారు. మొదటి తరం అని అర్థం. వాళ్ళ పిల్లలు నిసెయ్, మనవలు సన్సెయ్. ఇస్సెయ్‌లకు అమెరికా పౌరసత్వం 1952 దాకా ఇవ్వలేదు. 1913 నాటి కాలిఫోర్నియా చట్టం వాళ్ళను భూమి కొననివ్వలేదు. అక్కడే పుట్టిన పిల్లలు పౌరులు కాబట్టి, పిల్లల పేరుమీద కొన్నారు. 1942లో పిల్లలతో సహా దాదాపు లక్షా ఇరవై వేలమందిని శిబిరాల్లో పెట్టారు. అంత కష్టంలోనూ వాళ్ళకొకటి ఉంది: తమ తర్వాతి అంకె. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అర్థంకాక బాధపడ్డ తల్లుల గురించి చదివాను. నాకు జాలికన్నా ఈర్ష్య ఎక్కువ కలిగింది. ఆ పిల్లలు వాళ్ళ కళ్ళముందే ఉన్నారు కదా!

అమ్మ వెళ్ళేటప్పటికి నాకు పదమూడు, చెల్లెలికి పది. ఇంటిపని వీసా మీద పోయిన మనిషి పిల్లల్ని తెచ్చుకోలేదు. పదేళ్ళున్నా ఇరవయ్యేళ్ళున్నా ఆ దేశపు మనిషి కాలేదు. తొమ్మిదేళ్ళలో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు చెల్లెలు నా వెనక దాక్కుంది.

అక్కడ అమ్మ పేరు పోయింది. పిల్లల నోరు తిరగక లూలూ అన్నారు, అదే స్థిరపడింది. వీధిలో ఆమె 'హిందియా', ఇంట్లో 'ఖద్దామా'. అయితే అమ్మ దాన్ని ఏడుస్తూ చెప్పదు. "కులమేందని అడగల్యా పాపా" అంటుంది. మా ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళలో చావిడి దాటి లోపలికి పోని మా అమ్మ, అక్కడ తొమ్మిదేళ్ళు వంటిల్లు నడిపింది. ఆమె చేతి మజ్బూస్ కోసం చుట్టాలొచ్చేవాళ్ళట. ఆ ఇంట్లోనే ఆమె పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండూ నిజమే. మొదటిది చెప్పినప్పుడు అమ్మ గొంతులో వినిపించే గర్వాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. దాన్ని అమాయకత్వం అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

2015లో కువైట్ ఇంటిపనివాళ్ళకు చట్టం తెచ్చింది: పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, పాస్‌పోర్టు దాచకూడదు. పేపర్లో చూసి ఫోన్లో అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ సెలవురోజు నేను యాడికి పోవల్ల?" అంది.

2017లో వచ్చేసింది. ఇప్పుడు టీలో యాలకులు లేకుంటే తాగదు. తొందరపెట్టాలంటే "యల్లా" అంటుంది. ఊళ్ళోవాళ్ళు కువైట్ ఆమె అంటారు. అక్కడ హిందియా, ఇక్కడ కువైట్ ఆమె.

పోయిన ఏడాది చెల్లెలు వెళ్ళింది. బెంగుళూరులో సెంట్రింగ్ పనిచేసే మరిది పైనుంచి పడి కాలు విరిగి ఇంటికొచ్చాడు. రెండేళ్ళు వరసగా శనక్కాయ పోయింది. చెల్లెలు పది పాసైంది గనుక ముప్పై ఏళ్ళ నిబంధన ఆమెకు వర్తించదు, సొంత వయసుతోనే పోయింది. మా ఇంటికి చదువు తెచ్చిన లాభాల్లో అదొకటి! అమ్మ జీతంతో ఎం.ఏ. చేసి ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే నాకు, దాన్ని ఆపేంత డబ్బు లేదు. ఒక్కటి మాత్రం అన్నాను: "అమ్మ ముందుగా పోయింది కదా, నీది రెండో తరం, నీకంత కష్టముండదులే." అది నావైపు చూసి, "కొత్త ఇల్లు, కొత్త కఫీల్. నాకేం రెండోదక్కా?" అంది. చరిత్ర చదివింది నేను.

వెళ్ళేముందు నెలరోజులు రాత్రిపూట అరుగుమీద అమ్మ దానికి అరబీ నేర్పింది. మాకు చిన్నప్పుడు అమ్మ ఒక్క అక్షరం దిద్దించలేదు, తనకు రాదు. ఇప్పుడు పంతులమ్మలా కూర్చుని ఒక్కొక్క మాటా పలికించింది. నీళ్ళను మాయ్ అనాలి. రేపు అంటే బాచిర్. జీతం అడిగేటప్పుడు తల వంచుకోవద్దు, 'మాషీ' అనేయొద్దు.

చెల్లెలి కూతురికి ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని అన్నీ వింటూ ఉండేది. మొన్న కుళాయి వచ్చినరోజు బిందె పట్టుకుని వీధిలోకి ఉరికింది, "మాయ్, మాయ్" అని అరుచుకుంటూ. అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టి దానివైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.