పాడేరు కొండదారిలో

మాడుగుల దాటిన తరువాత పాడేరు ఘాట్ రోడ్డు మొదలవుతుంది. విశాఖపట్నం నుండి వంద కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. పైకి వెళ్ళేకొద్దీ ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు కనబడతాయి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే ముఖ్య పట్టణం.

ఈ అందాన్ని చూసి తిరిగి వెళ్ళిపోయేవారికి కనబడని సంగతి ఒకటుంది. రోడ్డు ఆగిపోయిన చోటు నుండి ఇంకా పైకి గూడేలున్నాయి. అక్కడ నొప్పులు మొదలైన తల్లిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకురావాలి. 108 వాహనం 2005 నుండి మన రాష్ట్రంలో తిరుగుతున్నది గాని, దారి లేని చోటికి అది ఎలా వెళ్ళగలదు? వానాకాలంలో గెడ్డ పొంగితే డోలీ కూడా ఒడ్డునే ఆగిపోతుంది.

ఆ డోలీ మోసేవారిలో తరచుగా భర్త ఉంటాడు. అతని కష్టాన్ని మనం తక్కువ చేయకూడదు. అయితే అతని అవసరం అంతకు చాలా రోజుల ముందే ఉన్నది.

సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో, తల్లుల ప్రాణాలు తీసే ఆలస్యాలు మూడని వివరించారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. డోలీ రెండవదానితో పోరాటం. మొదటిది మాత్రం ఇంటిలోనే జరుగుతుంది. ఇంటిలో డబ్బు, నిర్ణయం చాలాచోట్ల పురుషుని చేతిలోనే ఉన్నాయి గదా!

నెలలు నిండకముందే వచ్చి ఆసుపత్రికి దగ్గరలో ఉండేందుకు ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు ఏర్పాటు చేశారు. అయినా కొందరు రావడానికి వెనుకాడతారు. పాడేరులో ఒక యువకుని అడిగితే, "ఇది ఆడవాళ్ళ సంగతి గదా అయ్యగారూ, నేనేం చేస్తాను?" అన్నాడు. ప్రక్కనే ఉన్న అతని భార్యకు ఎనిమిదో నెల. ఆమె నెమ్మదిగా, "పెద్దోడికి అన్నం పెట్టి, మేకల్ని నువ్వు చూసుకుంటే నేనొచ్చి ఉంటాను" అన్నది. అతడు కొంతసేపు తల వంచుకొని, "ఎప్పుడు రావాలో నర్సమ్మను అడుగు" అన్నాడు. ఆమె అక్కడ నిశ్చింతగా ఉండాలంటే ఇక్కడ ఇతడు పొయ్యి వెలిగించాలి.

మైదానంలోని మన గ్రామాలలో డోలీ లేదు. కాని తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపే ఆచారం ఉన్నది. తల్లి దగ్గర ఆమెకు ఆదరణ దొరుకుతుంది, అది మంచిదే. అల్లుడు మాత్రం బిడ్డ పుట్టాక చూడవచ్చే చుట్టమైపోతున్నాడు. పంపకముందే ఆమె కార్డులో రక్తం గ్రూపు, బి.పి., రక్తహీనత చూసి తెలుసుకోవాలి. నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఆమె వేసుకొనేలా గుర్తుచేయాలి. ప్రసవం తరువాత మరో 180 రోజులు కూడా అంతే. బండికి, ఖర్చుకు డబ్బు విడిగా ఉంచాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాయడం, రక్తస్రావం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకూడదు.

భర్తల తోడ్పాటును పెంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. అయితే స్త్రీ ఇష్టాన్ని గౌరవించాలని షరతు పెట్టింది. తోడుండడమంటే పెత్తనం చేయడం కాదు. ప్రసవ గదిలో ఎవరుండాలో ఆమెనే అడగాలి.

బేత్లెహేము త్రోవలో రాహేలు ప్రసవవేదనతో మరణించినట్లు ఆదికాండములో చదువుతాము. యాకోబు ఆమె సమాధి దగ్గర గుర్తుగా రాయి నిలపగలిగాడు, అంతే. ఆ దినాలలో ఆయనకు వేరే దారి లేదు. మనకున్నది.

సహోదరులారా, 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. మీ ఇంట గర్భవతి ఉంటే, రాబోయే 9వ తేదీన పొలం పని ఒక పూట ఆపి, ఆమెతో కూడా వెళ్ళండి.