జట్టు కూర్చుట

పిల్లలాడుకొను ఆటలను పెద్దలు సాధారణముగా రెండు విధముల జూచుచుందురు. కొందఱు వానివంక కన్నెత్తియు జూడరు; కొందఱు చూడకయే నిందింతురు. చూచి, తెలిసికొని, పిమ్మట మంచిచెడ్డలు నిర్ణయించువారు మిక్కిలి తక్కువ. ఇటీవల మన యిండ్లలో పిల్లలు కంప్యూటరు ముందఱ గూర్చుండి 'పోకెమాన్' అను వింతజంతువుల పోరాటములో మునిగియుండుట పెక్కుమంది సోదరీమణులు చూచియేయుందురు. మా యింట ఈ యాట నాడునది మా పెద్దమ్మాయి. ఆమెకు పదునాలుగేండ్లు. ఇంటర్‌నెట్టు ద్వారా జరుగు నొక పోటీలో తానును జేరెదనని ఆమె యడిగినప్పుడు మా యింట గొప్ప వాదము పుట్టినది. న్యాయము ఏ పక్షమున నున్నదో తెలియుటకై మేము ఆ యాట మర్మమును కొంత నేర్చుకొంటిమి. నేర్చుకొన్నదానిని తోడి తల్లులకు జెప్పుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాట పుట్టినిల్లు జపానుదేశము. సతోషి తజిరి యను నాయన చిన్ననాట పురుగులను పట్టి పోగుచేయుటయందు మిక్కిలి మక్కువ గలవాడట. ఆ మక్కువయే యాయన పెద్దవాడైన పిదప ఆటగా రూపొందినది. 1996వ సంవత్సరమున తొలి ఆటలు వెలువడినవి. అప్పుడు జంతువులు 151 మాత్రమే. ఇప్పుడు వేయికి మించినవి. ప్రతి జంతువునకును ఒక జాతియో, రెండు జాతులో యుండును. నిప్పు, నీరు, గడ్డి, మెఱుపు, నేల, రాయి, మంచు మొదలుగాగల జాతులు మొత్తము 18. నీరు నిప్పును గెలుచును. నిప్పు గడ్డిని గెలుచును. గడ్డి నీటిని గెలుచును. అన్నింటిని గెలుచునది యొక్కటియు లేదు. ఆటయంతయు ఈ సూత్రముమీదనే నిలిచియున్నది.

దీనికి 2009వ సంవత్సరము మొదలు ప్రపంచపు పోటీలు జరుగుచున్నవి. మహమ్మారి వ్యాధి కారణమున 2020, 2021 సంవత్సరములలో అవి జరుగలేదు. 2020లో 'ప్లేయర్స్ కప్' అను పోటీని ఇంటర్‌నెట్టు ద్వారానే నడిపిరి. ఇవిగాక, ఎవరి యింట వారుండి యాడుకొను చిన్న పోటీలు లెక్కలేనన్ని గలవు. ఆటపెట్టె కొనలేని పిల్లలకు 'పోకెమాన్ షోడౌన్' అను నుచిత సాధనమున్నది. కంప్యూటరులో దానిని దెఱచి, కావలసిన జంతువుల పేర్లు వ్రాసికొన్నచో జట్టు సిద్ధమగును. మా అమ్మాయి యాడునది దానిమీదనే. ఇందులో మాకు ఖర్చు లేకుండుట మొదట మెచ్చదగిన విషయము.

ఇక పోటీ నియమములు. ఒక్కొక్కరు ఆఱు జంతువుల జట్టును దేవలెను. ఎదుటివారి యాఱింటిని జూచి, తొంబది సెకండ్లలో, తన యాఱింటిలో నాలుగింటి నెన్నుకొనవలెను. రంగమున ఒకేసారి ఇటు రెండు, అటు రెండు నిలుచును. ఒక్కొక్క జంతువునకు నాలుగు ప్రయోగములు, ఒక సహజశక్తి, ధరించుటకు ఒక వస్తువు ఉండును. ఒకే వస్తువును రెండు జంతువులు ధరింపరాదు. ఒకే జంతువును రెండుసార్లు తేరాదు. పోరు నిమిషములలో ముగియును గాని, జట్టు కూర్చుటకు వారములు పట్టును. చూడవచ్చినవారికి పోరు మాత్రమే కనబడును, కూర్పు కనబడదు. వడ్డించినదానిని జూచువారికి వంటయింటి యోచన కనబడనట్లే యిదియు.

ఆఱు మిక్కిలి బలమైన జంతువులను దెచ్చినచో గెలువవచ్చును గదా యని మొదట మాకును సందేహము గలిగినది. దానికి సమాధానము మాకు భారతములో దొరికినది. ఉద్యోగపర్వమున భీష్ముడు కౌరవసేనలోని వీరులను వారివారి బలమునుబట్టి రథులనియు, అతిరథులనియు లెక్కించెను. కర్ణుని అర్ధరథునిగా నెంచెను. కర్ణుడలిగి, భీష్ముడు పడువఱకు ఆయుధము పట్టనని దూరముగ నిలిచెను. లెక్కకు ఇద్దఱును మహావీరులే; కాని మొదటి పదిదినములు ఒకరి బలము ఒకరికి అక్కఱకు రాలేదు. మా అత్తగారికి ఈ సంగతి చెప్పగా ఆమె నవ్వి, "పులిహోర, చారు, మజ్జిగపులుసు, చింతకాయపచ్చడి, ఏది చూచినను అమృతమే. అన్నియు ఒక విస్తరిలో వడ్డించి చూడుము, పిల్లలు లేచిపోదురు" అనిరి. మేము చదివి తెలిసికొన్నది ఆమె వండి తెలిసికొన్నారు.

మా అమ్మాయి జట్టునకు మూలము టోర్కోల్ అను తాబేలు. దాని వీపున బొగ్గులు మండుచు పొగలు చిమ్ముచుండును. అది నిప్పుజాతి. రంగమునకు వచ్చినంతనే యెండ కాయించును. ఎండలో నిప్పుదెబ్బకు బలము హెచ్చును, నీటిదెబ్బకు బలము తగ్గును. 'ఎరప్షన్' అను ప్రయోగముతో ఎదుటి రెండింటిని ఒకేసారి కొట్టును. ప్రాణబలము నిండుగనున్నప్పుడు ఆ దెబ్బ మిక్కిలి తీవ్రము. ప్రాణము తగ్గినకొలది దెబ్బయు తగ్గును. కనుక అది మొదట కొట్టవలెను. కాని తాబేలు గదా! వేగము 20 మాత్రమే. అది కదలులోపల నలుగురును దానిని కొట్టిపోదురు.

ఈ చిక్కును విడదీయుటయే జట్టు కూర్చుట. ఫారిగిరాఫ్ అను నొక జిరాఫీ గలదు. దాని సహజశక్తివలన, ఎదుటివారు తొందరపడి ముందుగా కొట్టు ప్రయోగములు దానిమీదగాని, దాని తోడివానిమీదగాని సాగవు. అది 'ట్రిక్ రూమ్' అను ప్రయోగము చేసినచో ఐదు వంతులవఱకు లోకము తలక్రిందులగును: వేగము తక్కువైనది ముందుగా కదలును. అప్పుడు అందఱికంటె వెనుకబడు తాబేలే అందఱికంటె ముందగును. లోపమని యెంచబడినదే అక్కడ బలమైనది.

తరువాత తాబేటికి భయమెవరివలన? నీరు, నేల, రాయి యను మూడు జాతులవలన. ఆ మూడింటిని గెలుచునది గడ్డిజాతి. కావున అమూంగస్ అను పుట్టగొడుగును జేర్చినది. అదియు నెమ్మది జంతువే, గనుక తలక్రిందులైన లోకమున దానికిని ముందువంతే. దానికి మంట, మంచు పడవు. ఆ రెండింటిని తాబేలు తేలికగ నోర్చును. దీని లోటు దానివలన, దాని లోటు దీనివలన తీరుచున్నది. నాలుగవస్థానమునకు మా వారు గ్యారడాస్ అను మహాసర్పమును సూచించిరి. మా వారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. ఆఱు గుణముల మొత్తము తాబేటికి 470, సర్పమునకు 540 అని కూడి చూపిరి. అమ్మాయి తలయూపి, "నిజమే నాన్నగారూ; కాని అది నీటిజంతువు. మన తాబేలు కాయించు ఎండలో దాని నీటిదెబ్బ సగమగును" అన్నది. మా వారు సుద్దముక్క క్రింద బెట్టిరి. ఆ స్థానము నేలదెబ్బ తగులని డ్రాగొనైట్ అను ఎగురు జంతువునకు దక్కినది.

చిన్నది పెద్దదానిని గాపాడుటకు ఈ యాటలో ప్రసిద్ధమైన యుదాహరణ మున్నది. 2014వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టను నగరమున జరిగిన ప్రపంచపు పోటీలో దక్షిణ కొరియాకు జెందిన సెజున్ పార్క్ గెలిచెను. ఆయన జట్టులో పాచిరిసు అను చిన్న ఉడుత యుండెను. దాని గుణముల మొత్తము 405. అట్టిదానిని ఆ పోటీకి దెచ్చుట చూచి లోకము విస్తుపోయినది. కాని యా యుడుతకు ఎదుటివారి దెబ్బలను తనమీదికి ద్రిప్పుకొను ప్రయోగమున్నది; మెఱుపుదెబ్బ తగిలినచో నొచ్చుటకు మాఱుగ ప్రాణము పుంజుకొను సహజశక్తియు గలదు. ఆయన జట్టులోని గ్యారడాస్‌కు మెఱుపే పెద్ద శత్రువు. అర్జునునికై దాచిన శక్తిని కర్ణుడు ఘటోత్కచునిమీద బ్రయోగించుటచే అర్జునుడు బ్రదికెను గదా! ఉడుత చేసినది ఆ పనియే. అయితే ప్రాణము బలిగా నీయవలసిన యగత్యము దానికి లేకపోయెను.

ఇంకొక సంగతి గృహిణులకు సులభముగ దెలియునది. 2022లో వెలువడిన స్కార్లెట్, వయొలెట్ అను ఆటలలో ఒక్కొక్క జంతువునకు శిక్షణరూపమున 510 పాళ్ల బలము పంచవచ్చును. ఒక గుణమునకు 252కు మించరాదు. ప్రాణబలమునకు, దాడికి, రక్షణకు, వేగమునకు ఎంతెంత యన్నది యాడువారి యిష్టము. అన్నింటికి సమముగ బంచినచో దేనికిని చాలదు. ఒకదానికే పోసినచో మిగిలినవి బోసిపోవును. నెలజీతమును బియ్యమునకు, పాలకు, బడిజీతములకు, మందులకు పంచు తల్లులకు ఈ లెక్క కొత్తది కాదు. అమ్మాయి తాబేటి వేగమునకు ఒక్క పాలైనను ఇయ్యలేదు. అక్కఱలేనిచోట వ్యయము చేయకుండుటయు నేర్పే.

ఇక వాదము. మా బావగారు పెద్దలు, పిల్లలయెడ ప్రేమగలవారు. వారు, "వచ్చే యేడు పదవ తరగతి. మగపిల్లల యాటలో దీనికేమి పని? ఇది రేపు కూడు పెట్టునా?" అనిరి. వారి కుమారుడు ఒక పెద్ద పోటీలో గెలిచినవారి జట్టును వ్రాసి తెచ్చి, "జట్టు కూర్చుట నీవల్ల గాదు; ఇది తీసికొని యాడుము" అన్నాడు. అమ్మాయి రెండుదినములు దానితో నాడి, వరుసగ నోడినది. ఈ జంతువు ఈ వస్తువునేల ధరించినదని యడిగినచో అన్నకు తెలియలేదు. గెలిచినవాడు దేనికి భయపడి దేనిని జేర్చెనో కాగితము చెప్పదు. అమ్మాయి యా కాగితమును మడిచి తిరిగి యిచ్చివేసినది. ఆ రాత్రి ఆమె కండ్లలో నీరు చూచితిమి. ఓడినందుకు గాదు, తన బుద్ధి యెరువు తెచ్చుకొనవలసినదే యని యింటివారే యనుకొనుచున్నారన్న బాధ.

మఱునాడు మేము ఆమె నోటుపుస్తకమును బావగారి ముందుంచితిమి. అందులో పదునెనిమిది జాతులకును గడులు గీసి, ఏ దెబ్బకు తన జట్టులో నెవరు నొత్తురు, ఎవరోర్తురు అని పేజీల కొలది వ్రాసియున్నది. వారు చాలసేపు త్రిప్పి చూచి, "ఇది అంతయు తానే వ్రాసినదా?" అని యడిగిరి. తుదకు ఒడంబడిక కుదిరినది: దినమునకు ఒక గంట, లెక్కలలో మార్కులు తగ్గరాదు, అసలు పేరును, ఊరును ఎవరికిని జెప్పరాదు, అసభ్యముగ వ్రాయువారికి బదులియ్యక తల్లికి చూపవలెను.

పోటీ ఒక ఆదివారము జరిగినది. ఓడినవారిని వెంటనే పంపివేయక, సమానముగ గెలిచినవారిని సమానులతో గలుపుచు ఆఱు వరుసలు ఆడించిరి. అమ్మాయి మూడు గెలిచి, మూడు ఓడినది. నాలుగవ వరుసలో ఎదుటివారు వానదెచ్చు పెలిప్పర్ అను పక్షితో వచ్చిరి. రెండును ఒకేసారి రంగమునకు వచ్చినచో వేగముగలదాని శక్తి ముందు పనిచేయును, నెమ్మదిదానిది తరువాత. కావున మొదట వానపడి, వెంటనే తాబేటి యెండ దానిని తుడిచివేసినది. ఆ గెలుపునకు ఇల్లంతయు కేకలు వేసినది. కాని ఐదవ వరుసలో ఒకరు 'టాంట్' అను ప్రయోగముచే జిరాఫీని రెచ్చగొట్టి, ట్రిక్ రూమ్ చేయనీయలేదు. తాబేలు మూలబడినది. జట్టును నడుమ మార్చరాదు గనుక ఆ లోటు అట్లే మిగిలినది. రాత్రి భోజనమునకు ముందే అమ్మాయి నోటుపుస్తకము దెఱచి, జిరాఫీ ధరించు వస్తువును గొట్టివేసి, అట్టి యడ్డంకిని ఒకసారి తొలగించు 'మెంటల్ హెర్బ్' అను మూలికను వ్రాసినది. దానినెవ్వరును ఆమెకు జెప్పలేదు.

బహుమతి రాలేదు. మార్కులు తగ్గలేదు. బావగారు మొన్న వచ్చినప్పుడు కాళ్లు కడిగికొనుచునే, "ఏమమ్మా, మీ తాబేలు కుశలమా?" అని యడిగిరి. అన్న యిప్పుడు తన జట్టును చెల్లెలికి చూపి, ఎక్కడ లోటున్నదో యడుగుచున్నాడు.

సోదరీమణులారా! ఈ యాటను ప్రతి బిడ్డయు ఆడవలెనని మేము చెప్పుట లేదు. గంటలకొలది తెరవంక జూచుట కండ్లకును, చదువునకును హాని. హద్దు పెట్టుట తల్లి ధర్మము. కాని హద్దు పెట్టుటకు ముందు ఒక్క గంట బిడ్డ ప్రక్కన గూర్చుండి, "ఇది యేల? అది యేల?" అని యడుగుడు. కారణము చెప్పగల బిడ్డ యోచన నేర్చుకొనుచున్నదని తెలియుడు. చెప్పలేనిచో, ఆ ప్రశ్నయే దానికి పాఠమగును. ఆడుపిల్ల యడిగినప్పుడు, ఎవరో కూర్చినదానిని దెచ్చి చేతబెట్టక, తప్పో యొప్పో తానే కూర్చుకొనుటకు తావియ్యవలెనని మా ప్రార్థన.