పాత ఇల్లా, కొత్త ఫ్లాటా

వనస్థలిపురంలో నాన్నగారు 1994లో కట్టించిన ఇల్లు మాది. 200 గజాల స్థలం, రెండు పడగ్గదులు. కొన్నేళ్లుగా వంటింటి స్లాబు పెచ్చులూడుతోంది, బాత్‌రూమ్ గోడ ఎండాకాలంలోనూ చెమ్మగానే ఉంటుంది. రిపేరుకు పద్నాలుగు లక్షలవుతుందని మేస్త్రీ చెప్పగానే, నాగోలు వైపు కడుతున్న 85 లక్షల ఫ్లాటు ఒకటి మా బావమరిది చూపించాడు. "బావా, పాతదానికి అంత పోయడం దేనికి? దాన్ని అద్దెకిచ్చి మీరిక్కడికి వచ్చేయండి, అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుంది" అన్నాడు.

మా మంచికోరే అన్నాడు. కానీ లెక్క వేసి చూస్తే పొసగలేదు. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపుంటే బ్యాంకు ఇంటి ధరలో 80 శాతానికి మించి ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే దాదాపు 6.4 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, మరో 4.25 లక్షలు. 60 లక్షల అప్పు తీసుకుంటే 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లపాటు నెలకు 52 వేలు. మా వీధిలో ఇలాంటి ఇంటికి పలికే అద్దె 18 వేలు. అదీ రిపేరు చేయించాకే! మిగతా 34 వేలు జీతంలోంచి తీయాలి. పైగా ఆ ఫ్లాటుతో మన పేరున పడే స్థలం వాటా 42 గజాలు. కట్టడం ఏటికేడు పాతబడుతుంది, ధర పెరిగేది నేలకే. ఆ నేల మా దగ్గర ఇప్పటికే ఉంది.

అయితే స్లాబు సంగతి తేలకుండా ఈ లెక్కలన్నీ దండగే. ఫీజిచ్చి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాం. ఆయన చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ పోయారు. వంటింట్లో, బాత్‌రూమ్ పైన డొల్ల శబ్దం వచ్చింది, మిగతా చోట్ల గట్టిగానే మోగింది. డొల్లగా ఉన్నచోట కాంక్రీటు చెక్కి చూస్తే ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బాయి. నీళ్లు దిగితే చువ్వ తుప్పుపడుతుంది, తుప్పుతో ఉబ్బిన చువ్వ కాంక్రీటును బయటికి తన్నేస్తుంది. పెచ్చులూడటానికి కారణమదే. స్తంభాల్లోనూ దూలాల్లోనూ ఆ జబ్బు లేదని తేలాకే మాకు ధైర్యం వచ్చింది. ఉండి ఉంటే నేను ఒక్క రూపాయి కూడా ఆ ఇంటి మీద పెట్టేవాణ్ని కాదు. పైన ప్లాస్టరింగ్ చేసి రంగేస్తే తుప్పు దాక్కుంటుందే గాని ఆగదు. అందుకే రంగుల వాళ్లకంటే ముందు ఇంజనీరును పిలవమని అందరికీ చెబుతున్నాను.

డబ్బు ఎక్కువగా కంటికి కనిపించని వాటికే పోయింది: మేడమీద వాటర్‌ప్రూఫింగ్, పైపులు, వైరింగ్. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె గదికి ఆనుకుని బాత్‌రూమ్ కట్టించి, పట్టుకోవడానికి కడ్డీలు, కాలు జారని టైల్స్ వేయించాం. దానికి అమ్మకపు ధరలో ఎంత తిరిగొస్తుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు, అక్కర్లేదు కూడా. ఫాల్స్ సీలింగ్, మార్బుల్ మాత్రం వద్దనుకున్నాం.

ఎనిమిది లక్షలు ఎఫ్‌డీ తీశాం, ఆరు లక్షలు అప్పు తెచ్చాం. ఇక్కడొకటి గమనించాలి. పాత పన్ను విధానంలో, మనం ఉండే ఇంటిని కొనడానికో కట్టడానికో చేసిన అప్పు మీద వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. రిపేరు అప్పుకైతే అది 30,000 మాత్రమే. కొత్త విధానంలో ఆ రెండూ లేవు. కొత్త బాత్‌రూమ్ బిల్లులు మాత్రం విడిగా దాచాను. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ఇలాంటి అదనపు నిర్మాణం ఖర్చును లాభంలోంచి తీసి చూపించుకోవచ్చు.

పైన ఒక పోర్షన్ వేసి అద్దెకివ్వాలని మా ఆవిడ కోరిక. పునాది దగ్గర గుంత తవ్వి చూసి, ఇంకో అంతస్తు మోస్తుందని ఇంజనీరు రాసిచ్చాకే జీహెచ్ఎంసీ అనుమతికి పెడదామన్నాను, తనూ సరేనంది. ఫ్లాటు కొంటే పోవాల్సిన ఆ 34 వేలలో కొంత ఈ అప్పుకు కడుతూ, మిగిలినది ఆ పని కోసం ఆర్‌డీలో వేస్తున్నాం.