నలభై మూడేళ్ళ వయస్సులో చక్రాలు

మేము అమెరికాలో, టెక్సాసు రాష్ట్రములోని ఆస్టిన్ పట్టణములో కాపురముంటున్నాము. క్రిందటి సంవత్సరము నాతో పనిచేసే నర్సు ఒకామె, "శనివారం మా అమ్మాయి ఆట ఉంది, నీవూ రా" అని పిలిచింది. ఆ ఆట పేరు రోలర్ డెర్బీ. అంతకుముందు నేను ఆ పేరైనా వినలేదు.

హాలు మధ్య నేలమీద కోడిగ్రుడ్డు ఆకారములో గీతలు గీసి ఉన్నాయి. కాళ్ళకు నాలుగేసి చక్రాల స్కేట్లు, తలకు హెల్మెట్లు, మోకాళ్ళకు, మోచేతులకు దళసరి తొడుగులు పెట్టుకున్న స్త్రీలు గుండ్రంగా పరుగెత్తుతూ భుజాలతో, తుంటితో ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. ఒకామె సరిగ్గా నా ముందే ధబీమని పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె అక్కడ లేదు, లేచి ఆవలి వంపు తిరుగుతూ ఉంది.

పక్కన కూర్చున్న స్నేహితురాలు ఓపికగా వివరించింది. జట్టుకు ఐదుగురు చొప్పున బరిలో ఉంటారు. హెల్మెట్ మీద నక్షత్రం గుర్తున్నామెను జామర్ అంటారు. మిగిలిన నలుగురూ ఎదుటి జామర్‌ను అడ్డుకుంటూ, తమ జామర్‌కు దారి చేయాలి. జామర్ ఒకసారి గుంపును చీల్చుకొని బయటపడి, చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చి, ఎదుటి జట్టువారిలో ఎందరిని దాటితే అన్ని పాయింట్లు. ఒక్కొక్క విడత రెండు నిమిషాలకు మించదు. ముప్పై నిమిషాల చొప్పున రెండు భాగాలు. మోచేతితో పొడవకూడదు, వీపు మీద నెట్టకూడదు, తలను కొట్టకూడదు. తప్పు చేసినామె 30 సెకన్లు బయట కూర్చోవాలి.

ఇది విన్నాక నాకు ప్రకాశం జిల్లాలోని మా హైస్కూలు గుర్తుకు వచ్చింది. ఒక్కతే ఎదుటివారి మధ్యలోకి వెళ్ళి బయటపడి రావడమంటే కబడ్డీ కాక మరేమిటి? మా జట్టులో ముందు కూతకు వెళ్ళేది నేనే. తొమ్మిదవ తరగతిలో పెద్దమనిషినైన తరువాత మా నాన్నగారు "ఇక చాలమ్మా" అన్నారు. ఆయనను తప్పుపట్టను, ఆ రోజులట్టివి. కాని మండల పోటీలకు జట్టు ట్రాక్టరులో వెళుతుంటే నేను గుమ్మములో నిలబడి చూశాను. ఆ ట్రాక్టరు చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉన్నది.

ఇంటికి వచ్చి ఆట చరిత్ర చదివాను. 1935లో షికాగోలో లియో సెల్జర్ అనే ఆయన దీనిని ప్రారంభించాడట. మొదట అది గుద్దుకొనే ఆట కాదు, రోజుల తరబడి సాగే దూరపు పందెము. అప్పుడే స్త్రీలూ పురుషులతోపాటు స్కేటింగు చేశారు. మధ్యలో ఆట వెనుకబడిపోతే 2001 తరువాత మా ఆస్టిన్‌లోని స్త్రీలే దానికి మళ్ళీ ప్రాణం పోశారు. ఆటలో ఒక్కొక్కరూ ఒక్కొక్క తమాషా పేరు పెట్టుకుంటారు. వాటిలో కొన్ని ఇక్కడ వ్రాయదగినవి కావు!

ఆ రోజు ఆట ముగిశాక ఒకామె హెల్మెట్ తీస్తే జుట్టంతా నెరిసి ఉంది. నా మనస్సు ఆ నిమిషములోనే నిర్ణయించుకున్నది. ఇంట్లో చెప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

మావారు చాలాసేపు మాట్లాడక, "ఇన్సూరెన్సు కాగితాలు చూశావా?" అన్నారు. ఫోనులో మా అమ్మ, "కూతురు ఎదిగి వస్తుంటే నీవు జారుడుబండ ఎక్కుతావటే?" అన్నది. మా అమ్మాయి తన స్నేహితులకు తెలియనీయవద్దని బ్రతిమాలింది. నా భయము వేరు. రోగులను లేవనెత్తి పడుకోబెట్టే చేతులివి, మణికట్టు విరిగితే నెల జీతము పోతుంది. నాకు మిగిలిన సెలవులు తొమ్మిది రోజులు. రెండు రాత్రులు లెక్కలు వేసి, మంచి మణికట్టు తొడుగులు కొన్నాను.

క్రొత్తవారికి ముందుగా నేర్పేది పడటము. ముందుకు, మోకాళ్ళ తొడుగుల మీద, ఒళ్ళు ముడుచుకొని పడాలి. వెనుక వచ్చేవారి చక్రాల క్రింద వ్రేళ్ళు నలగకుండా పిడికిలి బిగించాలి. మొదటి రోజు పదహారు సార్లు పడ్డాను. మా అమ్మాయి గోడవార కూర్చొని ఫోను చూస్తున్నట్లు నటిస్తున్నది. పదిహేడవసారి పడి లేస్తూ అటు చూస్తే, ఫోను దాని ఒడిలో బోర్లా పడి ఉన్నది.