చేతులు ఖాళీ లేనోళ్ల జపం

కోరుట్లలో నేను కలిసిన బీడీ కార్మికురాలికి పొద్దంతా జపమాల పట్టుకునే వీలుండదు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు. ఆకు తీసుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు, మూతి మలుచుడు. నేనిది రాసేంత సేపట్లో ఆమె రెండు మూడు చుట్టేస్తుంది. జపమాల ఇంట్లో లేక కాదు, గోడ మీద దేవమాత పటానికి వేలాడుతూ ఉంది. "అది రాత్రి పండుకునేటప్పుడు సార్. పొద్దంత నాకు గిదే జపమాల" అంటూ కట్టిన బీడీల కట్ట చూపించింది.

ఆమె లెక్క సులువు. కట్టకు 25 బీడీలు. ఒక కట్ట పూర్తయిందంటే ఒక పరలోక జపం. వెయ్యి బీడీలు చుట్టిన రోజు 40 కట్టలు, 40 పరలోక జపాలు. మరి వెయ్యి కాని రోజు ఎట్లా అక్కా అని అడిగాను. "గా రోజు దేవునికి గూడ తక్కువనే పడ్తది" అని నవ్వింది.

పూజకు వెళ్లే ఆదివారం గురించి కాదు, మిగతా ఆరు రోజుల గురించి తెలుసుకుందామని ఈ వైపు వచ్చాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ వరంగల్ మేత్రాసనం కిందికి వస్తాయి. 1952లో హైదరాబాద్ నుంచి విడదీసి ఈ మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. ఇటలీ నుంచి వచ్చిన పీమే సభ మిషనరీ అల్ఫోన్సో బెరెట్టా గారు మొదటి మేత్రాణులు. 1988లో ఖమ్మం వేరుపడింది. ప్రధాన దేవాలయం కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది, ఇక్కడి నుంచి చూస్తే దూరమే. గుంటూరు జిల్లా ఫిరంగిపురంలోనో విజయవాడ గుణదలలోనో కనిపించే జనసందోహం ఇక్కడ ఊహించలేం. ఉన్నవి కొద్ది కుటుంబాలు, వాడకొకటి, ఊరికి రెండు. ఇరుగుపొరుగుకు అందరూ 'చర్చోళ్లే'. సీఎస్ఐనా, ఆర్‌సీఎమ్మా, పెంతెకోస్తా అని వివరం అడిగేది సాటి క్రైస్తవులే.

పెంతెకోస్తు సంఘానికి వెళ్లే బంధువుల నుంచే కోరుట్ల అక్కకు ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది: చెప్పిందే ఎన్నిసార్లు చెప్తరు, సొంత మాటల్లో ప్రార్థన చేసుకోరాదా అని. ఆమెకు దానికి వాదన లేదు. "సొంత మాటలు మతికి రావద్దా? చెయ్యి పని జేస్తుంటే మతి లెక్క మీద ఉంటది. వచ్చిన జపమైతే దానంతట అదే వస్తది" అంది. నా దృష్టిలో ఇంతకన్నా మంచి జవాబు లేదు. ధర్మపురి నరసింహస్వామి, కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న కొలువైన నేల ఇది. రామకోటి రాసే అవ్వలున్న ఊళ్లో ఒకే మాటను వెయ్యిసార్లు అనడం ఎవరికీ వింత కాదు. వింతగా తోచేది చదువుకున్న మనబోటి వాళ్లకే.

చాట గురించి ఒక తగాదా కూడా విన్నాను. అక్టోబర్ జపమాల మాసం. నెల పొడుగునా రోజుకో ఇంట్లో కూడి జపమాల చెప్పుకుంటారు. నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలతో సహా వచ్చి కూర్చునేవారట. బీడీలు చుడుతూ దేవమాతను తలచుకోవడమేంటి, అదేం మర్యాద అని ఒక పెద్దమనిషి కోపగించుకున్నారు. చాట వద్దంటే తాము రామని వాళ్లూ తెగేసి చెప్పారు. ఆ సాయంత్రం గంటసేపు పని ఆపితే మర్నాడు అప్పజెప్పాల్సిన బీడీలకు లెక్క తగ్గుతుంది. విచారణ గురువులు మధ్యస్థంగా తీర్పు చెప్పారు: ఆదివారం గుడికి చాట రాకూడదు, వాడలో జపమాలకు రావచ్చు. పెద్దమనిషి ఇప్పటికీ మెత్తబడలేదని అక్కడి సిస్టర్ చెప్పారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, కానీ నేను చాటల పక్షమే.

పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలోని కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒక వంటవాడు ఉండేవాడు. పూర్వాశ్రమంలో సైనికుడు, గాయంతో కుంటివాడయ్యాడు. గురువు కాదు, పండితుడూ కాదు. వంటింట్లో గిన్నెల మోత మధ్య కూడా గుడిలో మోకరించినప్పటిలాగే దేవుని సన్నిధిలో ఉండవచ్చన్నది ఆయన సాధన. 1691లో చనిపోయాక ఆయన మాటలను, ఉత్తరాలను పుస్తకంగా వేశారు. మూడు వందల ఏళ్లుగా దాన్ని కతోలికులూ ప్రొటెస్టెంట్లూ కూడా చదువుతున్నారు. కోరుట్ల అక్క ఆ పేరు విని ఉండదు. వినాల్సిన అవసరమూ కనిపించలేదు.

జగిత్యాలలో నేను వెళ్లిన ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు: అత్త, కోడలు, స్కూలుకు వెళ్లే పిల్ల. కొడుకు సౌదీలో ఉన్నాడు. జగిత్యాల చుట్టుపక్కల ఇది ఇంటింటి కథే. ఆ ఇంటికి చర్చి గంట వినబడదు. త్రికాల జపం పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి చెప్పాలన్నది పాత ఆచారం. అత్తకు అది పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. పొద్దున సరే, కోడి కూస్తుంది. మధ్యాహ్నం మర్చిపోతానని ఒప్పుకుంది. మరి సాయంత్రం? "మసీదుల అజాన్ అయితది గద, గప్పుడు లేస్త." మగ్రిబ్ అజాన్ వినగానే కొంగు తల మీద కప్పుకుని సిలువ గుర్తు వేసుకుంటుంది. ఎండకాలం కాస్త ఆలస్యంగా, చలికాలం కాస్త ముందుగా. ఆరు గంటలన్న లెక్క అటూ ఇటూ అవుతుంది, జపం మాత్రం తప్పదు.

ఆమె దగ్గర అట్ట ఊడిపోయిన జపాల పుస్తకం ఉంది. అందులో సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు మాత్రమే ఉన్నాయి. జగద్గురువులు రెండవ జాన్ పౌలు 2002లో వెలుగు దేవరహస్యాలు చేర్చారు. వాటిని కోడలు బాల్‌పెన్నుతో చివరి పేజీలో రాసి 'గురువారం' అని పైన గీత గీసింది. అత్త గురువారం కూడా పాతవే చెప్పుకుంటుంది. ఈ విషయంలో ఇద్దరి మధ్యా మాటల్లేని ఒప్పందం ఉన్నట్టుంది.

కోడలి జపం వేరు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనుక, అక్కడ ఏడు. దుబాయ్‌లో, కువైట్‌లో కతోలిక దేవాలయాలున్నాయి. సెలవు దొరికిన రోజు వెళ్లొచ్చు. సౌదీలో ఒక్కటీ లేదు. కాబట్టి అతనికి పూజా, గుడీ అన్నీ ఈ ఫోనులోనే. మంగళవార్త జపం మొదటి సగం ఆమె చెబుతుంది, రెండో సగం అతను అందుకోవాలి. గదిలో తోటివాళ్లుంటే పెదవులు కదుపుతాడు, గొంతు రాదు. నెట్టు ఆగిపోతే అతని సగం కూడా ఆమే పూర్తిచేస్తుంది. అయిదు పదులు చెప్పుకునే తీరిక ఇద్దరికీ లేదు, ఒక్క పదితో సరి. "పది పూసలే గదా అని అత్తమ్మ అంటది. మేం రోజూ ఒక్కతాన కలిసేది గా పది పూసలల్లనే" అంది. ఇంటికి పంపే డబ్బు మాట, పిల్ల మార్కుల మాట జపం ముగిశాకే. ముందు మొదలుపెడితే జపం ఉండదని అనుభవం మీద తెలుసుకున్నారు.

అన్నం తినేటప్పుడు కోడలు పిల్లను రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఇవాళ దేవునికి దేనికి థాంక్స్ చెప్పాలె, ఎవరితోని కొట్లాడినవ్? నేనున్న రోజు రెండోదానికి జవాబు పొడుగ్గా వచ్చింది. లొయోలా ఇన్యాసి వారు పదహారో శతాబ్దంలో తమ శిష్యులకు నేర్పిన ఆత్మ పరిశోధన కూడా దాదాపు ఇంతే.

సిరిసిల్లకు వేములవాడ మీదుగా వెళ్లాను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కార్ఖానా గుమ్మంలో అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయాయి. ఒక్క మనిషి ఎన్నో సాంచాలు చూసుకుంటాడు, పన్నెండు గంటల షిఫ్టు. గోడ మీద పద్మశాలీల కులదైవం మార్కండేయుడి పటం, దానికి అగరొత్తులు. నేను వెతుక్కుంటూ వెళ్లిన కార్మికుడి దేవుడు ఫోను కవరు వెనక ఉన్నాడు: పునీత జోజప్ప గారి చిన్న బొమ్మ. వడ్రంగి జోజప్పను శ్రామికుల పాలకుడిగా స్మరించే పండుగను పన్నెండవ పీయూసు జగద్గురువులు 1955లో స్థాపించారు, మే 1న. కార్ఖానాలో ఆ రోజు ఎర్రజెండా ఎగురుతుంది, ఇతనికి రెండు పండుగలు.

అతను జపించే పద్ధతి చిన్నది. పోగు తెగుతుంది, సాంచా ఆగుతుంది. పోగు అతికేటప్పుడు ఒక్క మాట: యేసయ్యా, దయ చూపు. అతికాక సాంచా నడుస్తుంది, మాట ఆగుతుంది. నూలు మంచిది కాకపోతే ఆ రోజు జపాలు ఎక్కువ. తూర్పు సంఘాల సన్యాసులు ఊపిరితో కలిపి ఇలాంటి మాటనే శతాబ్దాలుగా జపిస్తున్నారని చెబితే, "వాళ్లకు సాంచాలున్నయా?" అని అడిగాడు. ఈ మోతలో నీకు నీ గొంతు వినబడుతుందా అన్నాను. వినబడదని, అందుకే గట్టిగా అంటానని, ఎవరూ అడ్డుచెప్పరని అన్నాడు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్ల కాలంలో రాత్రీపగలూ నేశాడట. ఆ చీరల మీద ఎన్ని జపాలున్నాయో కట్టుకున్న ఆడబిడ్డలకు తెలియదు, అతనూ లెక్కపెట్టలేదు.

ఇక్కడితో ఆపితే అబద్ధమవుతుంది. బీడీ అక్క దగ్గుతూనే మాట్లాడింది. జగిత్యాల కోడలి భర్త వీసా అప్పు ఇంకా తీరలేదు. రెండువేల తొలి సంవత్సరాల్లో నేతన్నల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు పత్రికల్లో రోజూ కనబడేది. "జపం జేస్తే మీటరు మీద రేటు పెరగది సార్. దానికి యూనియన్ల తిరుగుడే" అని సాంచాల కార్మికుడే చెప్పాడు. అతను యూనియన్‌లోనూ ఉన్నాడు. జపంతో ఓపిక పట్టమని పేదలకు బోధించేవాళ్ల కన్నా అతను నాకు మేలైన కతోలికుడిగా కనిపించాడు.

నా దగ్గర ఇంట్లో రోజూ అరగంట నిశ్శబ్దంగా ధ్యానించమని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. అవి తలుపు వేసుకోవడానికి వేరే గది ఉన్నవాళ్ల కోసం రాసినవి. ఈ మూడు ఊళ్లలో నేను చూసినవాళ్లెవరికీ అలాంటి గది లేదు. వాళ్లు జపం కోసం పని ఆపలేదు, పనిలో ఎలాగూ వచ్చే ఒక ఆగుడును చూసుకున్నారు. కట్ట ముగిసినప్పుడు, పోగు తెగినప్పుడు, అజాన్ వినబడినప్పుడు. ఎవరికి వారు కనిపెట్టుకున్న పద్ధతులివి, ఏ ఉపదేశీ నేర్పలేదు.

విచారణ గురువులకూ సిస్టర్లకూ ఒక విన్నపం. వాడలో జపమాల వేళ నిర్ణయించే ముందు బీడీలు అప్పజెప్పే వేళ ఏదో, సాంచాల షిఫ్టు ఎప్పుడు మారుతుందో అడిగి తెలుసుకోండి. లావుపాటి జపాల పుస్తకాలతో పాటు అరచేయంత కార్డు ఒకటి అచ్చు వేయించండి. నాలుగైదు చిన్న జపాలు చాలు. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి, చాట ముందు నేల మీద పెట్టినా కనబడేంత.