రైతు పేరున్న విమానం

ఎల్లారెడ్డిలో బస్సెక్కినప్పట్నుంచీ ఆ తండ్రి మాట్లాడలేదు. పైలట్‌ అవుతానంటున్న కూతురికి ఫీజు కట్టాలంటే ఎకరం అమ్మాలి. బేరం కుదిరింది. బయానా మాత్రం తీసుకోలేదు. హైదరాబాద్‌ వెళ్లి, శిక్షణ ఎలా ఉంటుందో చూశాకే ఆ మాట అన్నాడు. కామారెడ్డి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాక మనసులోది బయటపెట్టాడు.

'ఒక్కటే ఇంజినాయె బిడ్డా! మీద ఆగిపోతే ఎట్ల?'

ఆమె సెస్నా 172 కథ మొదలుపెట్టింది.

ఆ విమానానికి పేరిచ్చిన క్లైడ్‌ సెస్నా రైతే! అమెరికాలోని కాన్సాస్‌లో పొలం పనులు చేస్తూ పెరిగాడు. 1911లో విమానం నడపడం సొంతంగా నేర్చుకున్నాడు. 1927లో కంపెనీ పెట్టాడు. తర్వాత దాన్ని మేనల్లుళ్లకు అప్పగించి మళ్లీ సేద్యానికే వెళ్లిపోయాడు. 1954లో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాదే 172 తొలిసారి గాల్లోకి లేచింది.

నలుగురు పట్టే చిన్న విమానం. రెక్కలు నెత్తిమీద ఉంటాయి కాబట్టి కిందున్న చెరువూ చేనూ చక్కగా కనిపిస్తాయి. ముందు ఒక చక్రం, వెనక రెండు. తోక కింద చక్రం ఉండే పాత విమానాలకన్నా దించడం తేలిక. అందుకే కొత్తవాళ్లకు త్వరగా అలవాటవుతుంది. 1986లో తయారీ ఆగిపోయినా, పాత విమానాలపై కంపెనీల బాధ్యతకు 1994లో అక్కడి చట్టం గడువు పెట్టడంతో 1996లో మళ్లీ మొదలైంది. ఇప్పటిదాకా తయారైనవి 44 వేలకు పైనే. ప్రపంచంలో మరే విమానమూ ఇన్ని తయారుకాలేదు.

ఇక ఇంజిన్‌ సంగతి. 1958 డిసెంబరులో లాస్‌వేగాస్‌లో ఇద్దరు ఇదే విమానంలో పైకెళ్లారు. కింద పరుగెత్తే లారీ నుంచి పైపుతో పెట్రోలు అందుకుంటూ 64 రోజుల 22 గంటలు నేలకు దిగలేదు!

'అయితే ఆగనే ఆగదా?'

'ఆగొచ్చు బాపూ. ఆగినా బండరాయి లెక్క పడదు. కిలోమీటరు ఎత్తుల ఆగితే తొమ్మిది కిలోమీటర్ల దాకా జారుకుంట పోతది. ఆలోపు జాగ చూసుకొని దించాలె. ఆడ నేర్పేది అదే.'

ప్రమాదాల సంగతీ దాచలేదు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో శిక్షణ విమానం కూలి ఓ యువ పైలట్‌ ప్రాణం పోయిందని చెప్పింది. చిన్న తప్పుల్ని విమానం ఓర్చుకున్నా, అజాగ్రత్తను గాలి ఓర్చుకోదంది.

ఆయన చాలాసేపు పట్టాల వైపే చూశాడు.

'ఆ సెస్నా... మళ్లా పొలానికే పోయిండా?'

'పోయిండు బాపూ.'

రైలు కూత వినిపించింది. ఆయన జేబులోంచి ఫోన్‌ తీశాడు.

'పటేలా... ఎల్లుండి బయానా పట్టుకొని రా!'